ఎక్స్‌రేలో కనిపించని దెబ్బలు

"ఎముకలేం విరగలేదట. దేవుడు చల్లగా చూశాడు!" రోడ్డు ప్రమాదం జరిగిన ఇంట్లో అందరి నోటా వినిపించే మాట ఇది. ఎక్స్‌రే బాగుంటే అంతా బాగున్నట్టే లెక్క. దెబ్బ తగిలింది ఇల్లాలికైతే మూడోరోజుకల్లా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. మెడ తిరగడం లేదంటే, "జర అమృతాంజనం రాస్కో, తగ్గుతది" అంటారు. అంతటితో ఆ ప్రమాదం ముగిసిపోయిందని ఇంట్లో అందరూ అనుకుంటారు, ఆవిడ తప్ప.

ఖిల్లా ఘణపురం నలభై నాలుగో నంబరు జాతీయ రహదారికి కాస్త లోపలికి ఉన్న ఊరు. పెళ్ళికి పోవాలన్నా, కర్నూలుకో హైదరాబాదుకో పోవాలన్నా మన ప్రాంతం వాళ్ళందరికీ ఆ రోడ్డే దిక్కు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెంలో బెంగుళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని తగలబడింది. 45 మంది చనిపోయారు. వైద్యులు చికిత్స చేయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు, ఎవరు ఎవరో తేల్చడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయాల్సి వచ్చింది. అలాంటి ఘోరాలను దేశమంతా మాట్లాడుకుంటుంది. కానీ అదే రోడ్డు మీద కారు వెనక నుంచి ఇంకో కారు గుద్దితే మెడ పట్టేసిన మనిషి గురించి ఎవరు మాట్లాడతారు?

వెనక నుంచి గుద్దుడు తగిలినప్పుడు తల కొరడా ఝళిపించినట్టు ఒక్కసారి వెనక్కీ ముందుకీ ఊగుతుంది. దీన్నే డాక్టర్లు విప్‌లాష్ అంటారు. ఎముక విరగదు, మెడలోని కండరాలూ, వాటిని పట్టి ఉంచే నరాల్లాంటి బంధాలూ సాగిపోతాయి. నొప్పి అప్పటికప్పుడు తెలియకపోవచ్చు, కొన్ని గంటలకో మర్నాటికో మొదలవుతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. కనబడనిదాన్ని మన ఇళ్ళలో ఎవరు నమ్ముతారు చెప్పండి!

ఇంకా భయపడాల్సినవీ ఉన్నాయి. తలకు దెబ్బ తగిలి కాసేపు మామూలుగా మాట్లాడిన మనిషి, ఆ తర్వాత మత్తుగా పడుకుండిపోతే "అలిసిపోయింది, పడుకోనివ్వండి" అనకూడదు. పుర్రె లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. వాంతులు, తగ్గని తలనొప్పి, మాట తడబడటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాల్సిందే. సీటు బెల్టు ఒత్తుకున్న చోట పొట్ట మీద కమిలిన మచ్చ ఉంటే, సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించాలి. గర్భిణి అయితే ఒంటిమీద గీత పడకపోయినా ఆస్పత్రికి వెళ్ళాలి, లోపల మాయ విడిపోయే ప్రమాదం ఉంది కనుక. కడుపుతో ఉన్నామని బెల్టు మానేయడమూ తప్పే. కింది పట్టీ పొట్ట మీదుగా కాకుండా పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి రావాలి. ఇక వెనక సీటంటారా? పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని మనం కూర్చునేది అక్కడే, బెల్టు అవసరం లేదని మనం అనుకునేదీ అక్కడే. 2022లో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రాణం పోయింది వెనక సీట్లోనే.

మరి దెబ్బ తగిలాక ఎవరి దగ్గరికి వెళుతున్నాం? ముందు ఆర్.ఎం.పి. డాక్టరు, ఒక నొప్పి సూది. తర్వాత కట్టు కట్టే ఆయన. పుత్తూరు కట్టుకున్న పేరు నాకూ తెలుసు, దాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఎక్స్‌రే లేకుండా బిగించిన కట్టు కింద రక్తం ఆడక వేళ్ళు నల్లబడితే చేయి తీసేయాల్సి వస్తుంది. వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేకున్నా ఆ కట్టు విప్పాల్సిందే, కట్టింది ఎంత పేరున్నవారైనా సరే.

ఎముకల డాక్టరు ఆపరేషన్ చేస్తారు, నర్సమ్మ కట్టు మారుస్తుంది, వాళ్ళకు దండం పెడతాం. కానీ మోకాలు మళ్ళీ వంగేలా, మెడ మళ్ళీ తిరిగేలా చేసేది ఫిజియోథెరపిస్టు. మెడకు కాలర్ వేసుకుని నెలల తరబడి కూర్చోవడం కంటే, డాక్టరు సరేనన్నాక మెల్లగా కదిలించడమే మేలని ఇప్పుడు చెబుతున్నారు. ఆ కదలికలు నేర్పే మనిషి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సాధారణంగా ఉండరు. పట్నం పోవాలి. మగవాడికైతే రోజూ ఆటో మాట్లాడి తీసుకెళతారు, "మళ్ళీ పనికి పోవాలి కదా" అని. ఆడదానికైతే రెండుసార్లు తీసుకెళ్ళి, "ఇంట్ల ఉండేదానివే కదా, నిదానంగ తగ్గుతది" అని ఆపేస్తారు. ఇంట్లో ఉండేది కూర్చుని ఉంటుందా? బిందె ఎత్తేదెవరు, బట్టలు పిండేదెవరు, మంచాన పడ్డ అత్తగారిని లేపేదెవరు?

ఆ పనికి విలువ ఉందని న్యాయస్థానాలు ఏనాడో అన్నాయి. 2001లో లతా వధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు మూడువేల రూపాయలు లెక్కగట్టింది. 2021లో కీర్తి కేసులో ఆ విలువను ఇంకా గట్టిగా చెప్పింది. కానీ పరిహారం కావాలంటే కోర్టు కాగితాలు అడుగుతుంది. కాబట్టి పోలీసు ఎఫ్.ఐ.ఆర్., ఆస్పత్రి ఇచ్చిన గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, ఫిజియోథెరపీకి వెళ్ళిన రోజుల చీటీలు అన్నీ ఒక సంచిలో భద్రంగా ఉంచండి. నొప్పి ఎక్కడుందో, ఏ పని చేయలేకపోతున్నారో ప్రతిసారీ డాక్టరుకు చెప్పి రాయించుకోండి. "ఏం లేదు సార్, బాగానే ఉంది" అన్న మన అలవాటు మాట కూడా కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది!

ప్రమాదంలో పడ్డవారిని ఆస్పత్రికి చేర్చినవాళ్ళను పోలీసులు వేధించకుండా 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తోంది. ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదు రహిత చికిత్సకు 2025 మేలో కేంద్రం పథకం తెచ్చింది. మంచిదే. కానీ ఎనిమిదో రోజు నుంచి ఏమిటి? మెడ, నడుము, మోకాలు బాగుపడటం మొదలయ్యేదే అప్పుడు కదా! 2022లో వనపర్తికి మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి నుంచి ఒక ఫిజియోథెరపిస్టు వారానికి ఒక్కరోజు, సంతనాడైనా సరే, మండల దవాఖానకు వచ్చి కూర్చునే ఏర్పాటు చేయమని కలెక్టరుగారిని అడగడానికి మన మహిళా సంఘాలకు ఒక తీర్మానం, ఒక అర్జీ చాలు.