వ్రేలి తాకిడికిని అక్షరమునకును నడిమి జాగు



నేడు మన యిండ్లలో ననేకులగు స్త్రీలు గృహకృత్యములను చక్కబెట్టుకొని, ఒక గదిలో కూర్చుండి దూరస్థమగు కార్యాలయపు పనిని చేయుచున్నారు. వారి యెదుట నున్నది చిన్న కంప్యూటరే గాని, పని జరుగునది దానియందు కాదు. ముంబయిలోనో పుణెలోనో యున్న యంత్రశాలలోని కంప్యూటరునందు ఆమె బల్ల, ఆమె కాగితములు, ఆమె లెక్కలు సర్వమును అమర్చబడి యుండును. ఇంటి తెరపై కనబడునది దాని ప్రతిబింబము మాత్రమే. దీనినే వర్చువల్ డెస్క్‌టాప్ అందురు. అమెజాను వారి వర్క్‌స్పేసెస్ 2014 నుండి యిట్టి సదుపాయము నిచ్చుచున్నది. మైక్రోసాఫ్టు వారు 2019లో తమ యేర్పాటును సర్వజనులకు తెరచి, 2021లో దానికి అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్ అని పేరు మార్చిరి.

ఈ విధానమున మేలు గలదు. ఇంటి కంప్యూటరు చెడినను పని చెడదు. కార్యాలయపు రహస్యములు ఇంటిలో నిలువవు. కాని యొక చిక్కు కూడ గలదు. మనము కీబోర్డుపై నొక్కిన యక్షరము ఇంటినుండి బయలుదేరి, యంత్రశాలను చేరి, అచ్చట స్వీకరింపబడి, దాని చిత్రము మరల మన తెరకు రావలెను. ఈ రాకపోకలలో జాగు కలిగినచో చేతికిని కంటికిని పొత్తు చెడును. మీట నొక్కిన గుర్తు సెకండులో పదియవ వంతు మొదలు అయిదవ వంతు లోపల కనబడవలెనని 1968లోనే రాబర్ట్ మిల్లర్ అను అమెరికా పరిశోధకుడు వ్రాసియున్నాడు. అంతకు మించి యాలస్యమైనచో అక్షరము పడలేదనుకొని మరల నొక్కుదుము. అది రెండుసారులు పడును. దానిని తుడుచుటకు మరికొంత కాలము వ్యర్థమగును.

దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు. మా వీధిలోని యొక యువతి వైద్యశాలల బిల్లులకు సంకేతాంకములు వేయు పని చేయుచున్నది. గంటకిన్ని కాగితములని నియమము. కొంతకాలము ప్రాతఃకాలమున ఆమె లెక్క తగ్గుచు వచ్చెను. పై యధికారి యామె శ్రద్ధను శంకించెను. ఇంటిలోని పెద్దలు పసివాని యల్లరిని నిందించిరి. ఆమె తన వ్రేళ్లనే నిందించుకొనెను. యంత్రమును మాత్ర మెవ్వరును అడుగరైరి. యంత్రము నడుగుటకు మార్గము గలదని చెప్పుటయే యీ మాసపు నా యుద్దేశము.

జాగు రెండు చోట్ల పుట్టును. మొదటిది దారి. గాజుతంతులలో వెలుగు సెకండునకు రమారమి 2,00,000 కిలోమీటరులు పోవును. కావున 1,000 కిలోమీటరుల దారికి పోయి వచ్చుటకు 10 మిల్లీసెకండులు చాలును. మన దేశములోపల దూరమే దోషి యనుట అరుదు. ఇంటిలోని వైఫై, మార్గమధ్యమున రద్దీ, చుట్టుదారి, ఇవియే తరచు కారణములు. ఈ రాకపోకల కాలము 150 మిల్లీసెకండులకు లోబడి యుండవలెనని మైక్రోసాఫ్టు వారి సూచన. ఇంటర్నెట్టు వేగము హెచ్చని మురియుట చాలదు. వేగమనగా బాట వెడల్పు. జాగు అనగా ప్రయాణపు కాలము. వెడల్పైన బాటమీదను బండి నిలిచిపోవచ్చును గదా!

రెండవది దూరపు యంత్రముననే యుండు నిరీక్షణ. దీనిని కొలుచుటకై విండోస్ 10 యొక్క 1809 అను విడుదలలోను, విండోస్ సర్వర్ 2019లోను యూజర్ ఇన్‌పుట్ డిలే అను కౌంటరును చేర్చిరి. అది కొలుచునదేమో ఒక యుపమానముచే తెలుపుదును. పిండిమరకు గోధుమల డబ్బాను పంపితి మనుకొనుడు. ఇంటినుండి మరవరకు నడక యొకటి. డబ్బాను వరుసలో నుంచిన పిమ్మట మరవాడు దాని నెత్తుకొనువరకు నిరీక్షణ రెండవది. పిండి పట్టుట మూడవది. ఈ కౌంటరు నడిమిదానిని మాత్రమే లెక్కించును. మన మీటనొక్కు గాని మౌసు కదలిక గాని యంత్రపు వరుసలో చేరిన క్షణము మొదలు, సంబంధించిన ప్రోగ్రాము దానిని తీసుకొను క్షణమువరకు ఎన్ని మిల్లీసెకండులు గడచెనో చెప్పును. దారిలోని యాలస్యము దీనికి తెలియదు. దానిని రాకపోకల కాలపు లెక్క చెప్పవలెను. రెండు లెక్కలును ప్రక్కప్రక్కన చూచినగాని న్యాయము తేలదు.

పూర్వము నిర్వాహకులు యంత్రపు మెదడెంత శ్రమపడుచున్నది, జ్ఞాపకశక్తి యెంత నిండినది, అను కొలతలను చూచి పనివారి కష్టమును ఊహించెడివారు. మన తార్కికులు పర్వతముపై ధూమమును చూచి వహ్ని నూహించుట అనుమానప్రమాణ మనిరి. కాని యంత్రము సగము ఖాళీగా నున్నను ఒక ప్రోగ్రాము బిగిసిపోయి మన యక్షరమును పట్టించుకొనకపోవచ్చును. పొగ లేకయే నిప్పుండుట యన్నమాట. ఈ కౌంటరు ఆ నిరీక్షణనే కొలుచును గాన ప్రత్యక్షప్రమాణము వంటిది.

మరియొక విశేషము. ఇది ప్రతి విరామమునందును, మామూలుగా సెకండు కొకసారి, మిక్కిలి హెచ్చైన జాగునే నమోదు చేయును. దీని యౌచిత్యము సులభముగా తెలియును. పది నొక్కులలో తొమ్మిది 20 మిల్లీసెకండుల చొప్పున స్వీకరింపబడి, పదియవది 1,500 మిల్లీసెకండులు వేచియున్నచో, సరాసరి 168 మాత్రమే. కాగితముపై నది కొంచెముగనే కనబడును. పంక్తిలో తొమ్మండుగురికి వెంటనే వడ్డించి పదియవ యతిథిని గంటసేపు కూర్చుండబెట్టిన యిల్లాలు సరాసరి చెప్పి తప్పించుకొనగలదా?

పెక్కు సంస్థలు ఒకే యంత్రమును పలువురికి పంచియిచ్చును. అది ఉమ్మడి వంటయిల్లు వంటిది. ఒకరు పెద్ద గుండిగ నెక్కించినచో తక్కినవారికి పొయ్యి దొరకదు. ఈ కౌంటరు ఎవరి సెషనులో, ఏ ప్రోగ్రాములో జాగు కలిగెనో వేరువేరుగ చూపును. పైన చెప్పిన యువతి తన కష్టము కలిగిన గంటలను నిమిషములతో సహా పదిదినములు వ్రాసియుంచి అధికారికి పంపెను. వారు లెక్కలు తీసి చూడగా, ఉదయము అందరు నొక్కుమ్మడిగ ప్రవేశించు వేళ ఆ యంత్రముపై నున్న వారందరికిని జాగు గలదని తేలెను. యంత్రముల సంఖ్యను పెంచిరి. ఆమెపై శంకయు తొలగెను.

ఇట్టి పని చేయు సోదరీమణులు ఈ క్రింది విషయములను గమనింతురు గాక. మొదట, మీ సొంత కంప్యూటరులో నాలుగు పంక్తులు టైపు చేసి చూడుడు. అచ్చటనే జాగున్నచో దోషము దానిదే. రెండవది, రౌటరునకు తీగతో కలిపి చూడుడు. దానితో సర్దుకొన్నచో దోషము వైఫైది. మైక్రోవేవ్ ఓవెను నడచునపుడు 2.4 గిగాహెర్ట్జుల వైఫై చెదరుట కలదు. ఇంటిలో మరొకరు పెద్ద వీడియోలను పంపుచున్నను దారి క్రిక్కిరియును. మూడవది, అన్ని ప్రోగ్రాములును మందగించినవా, ఒక్కటియేనా యని చూడుడు. ఒక్కటియే యైనచో దారిని నిందింప పనిలేదు. నాలుగవది, తేదీని, వేళను, ప్రోగ్రాము పేరును వ్రాసికొని, ఆ వేళకు మీ సెషనుయొక్క ఇన్‌పుట్ డిలేను, రాకపోకల కాలమును చూడవలసినదని మర్యాదగా కోరుడు.

ఈ కౌంటరు మనము వ్రాయు మాటలను కనిపెట్టునేమో యని కొందరు భయపడుదురు. అది నమోదు చేయునది మిల్లీసెకండులనే గాని అక్షరములను గాదు. మీటనొక్కులను చదువు నిఘా ప్రోగ్రాములు వేరు. రెంటిని కలిపి కలత చెందరాదు.

పనిని కొలుచు యజమానికి పనిముట్టును కొలుచు బాధ్యతయు గలదు. స్త్రీ వేళ్లు ఎంత వేగముగ కదలెనో లెక్కించు ముందు, ఆ వేళ్లు పంపిన యక్షర మెంతసేపు ద్వారముకడ నిలిచెనో లెక్కింపవలెను. ఈ మాట నడుగుట మొండితనము కాదు. కష్టార్జితము నపనింద నుండి కాపాడుకొనుట గృహిణీధర్మములో నొక భాగమే.