హాజీపూర్ బావులు: లెక్క తేలిందా?

బొమ్మలరామారం: హాజీపూర్‌లో ముగ్గురు ఆడపిల్లల హత్య కేసులో నల్లగొండ కోర్టు 2020 ఫిబ్రవరి 6న ముద్దాయికి ఉరిశిక్ష విధించిన సంగతి విదితమే. అయితే అతని నేరాల లెక్క అంతటితో తేలిందా అన్నది సందేహమే. 2019 ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతి బాలిక శవం పాడుబావిలో దొరికిన తర్వాతే, మార్చిలో కనబడకుండా పోయిన కాలేజీ విద్యార్థిని సంగతీ, 2015లో మాయమైన పదకొండేళ్ల పిల్ల సంగతీ బయటపడ్డాయి. నాలుగేళ్లు ఆ పిల్ల ఎముకలు బావిలోనే ఉన్నాయి. ఆనాడే చుట్టుపక్కల బావులు గాలిస్తే మిగతా ఇద్దరూ బ్రతికేవారు కారా? ఊరికి బస్సు లేక పిల్లలు దారినపోయే మోటారు సైకిళ్లు ఎక్కడం అతనికి కలిసివచ్చింది. కర్నూలులో ఒక మహిళ హత్య కేసులోనూ అతడు నిందితుడే. నడుమ సంవత్సరాల్లో అతడు తిరిగిన ఊళ్లలో అదృశ్యం కేసుల ఫైళ్లను మళ్లీ తిరగేయవలసి ఉంది.