కరణి చెవిటిది కాదు

సంక్రాంతికి మాచర్ల వెళ్ళినప్పుడు, పదవ తరగతి చదువుతున్న మా మేనల్లుడి గణితం నోటుపుస్తకం తిరగవేశాను. ఒకచోట √(య² + 9) = య + 3 అని ఉన్నది. (బడిలో ఎక్స్ అంటారు, భాస్కరాచార్యుల 'యావత్తావత్' మీది మమకారంతో నేను 'య' అంటున్నాను.) "య బదులు 4 పెట్టి చూడరా" అన్నాను. ఎడమవైపు 5, కుడివైపు 7! "అయితే మామయ్యా, ఇన్నాళ్ళూ సూక్ష్మీకరించమంటే నేను చేస్తున్నదేమిటి?" అన్నాడు.

తప్పు వాడిది కాదు. సూక్ష్మీకరణలో రూపమే మారాలి, విలువ మారరాదు అన్న మొదటి మాటను మనం చెప్పకుండానే లెక్కలు చేయిస్తున్నాము.

వాళ్ళ వసారాలో పరచినవి రెండడుగుల పల్నాటి నాపరాళ్ళు. ఒకదాని కర్ణం వాడిచేతనే కొలిపించాను. 34 అంగుళాలకు నూలువాసి తక్కువ. లెక్కకు అది √1152, అనగా 24√2. 34ను 24తో భాగిస్తే 17/12. అంటే 1 + 1/3 + 1/12. శుల్బసూత్రాల లెక్కలో ఇది సగం దారి. ఇందులోనుండి మరి 1/408 తీసివేయమన్నారు బౌధాయనుడూ, తెలుగునాట ఎన్నో ఇళ్ళ ప్రవరలో వినవచ్చే ఆపస్తంబుడూ. వచ్చేది 577/408, అయిదు దశాంశస్థానాల వరకు √2తో సరిపోతుంది. ఇచ్చిన చతురస్రానికి రెట్టింపు వైశాల్యాన్ని కలిగించే భుజం గనుక వారు దానిని ద్వికరణి అన్నారు. ఇంగ్లీషువారి 'సర్డ్'కు మూలమైన లాటిను మాటకు అర్థం 'చెవిటి'. అదీ అరబ్బీనుండి అనువదించుకున్నదే. పిల్లలు ఏ మాధ్యమంలో చదివినా సరే, పని చెప్పే మన మాట వారి చెవిన పడకుండా పోవడం నాకు కష్టంగా ఉన్నది.

ఇక హారాన్ని అకరణీయం చేయడం. గుర్తు మార్చి లవహారాలను గుణించే ఈ పద్ధతిని క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పాడు. చేత్తో లెక్కించేవారికి 1ని 1.41421తో భాగించడంకన్న 1.41421ని 2తో భాగించడం ఎంతో సుళువు. క్యాలిక్యులేటరు వచ్చాక ఆ కారణానికి బలం తగ్గింది. 1/√2 అని వదిలేసిన పిల్లవాడికి మార్కు కోయడం నాకు సమ్మతం కాదు. కాని 1/(√3 + √2), √3 − √2 ఒకటేనని తెలియడం వేరు సంగతి. పోలికే లేని ఆ రెండూ 0.318 దగ్గర కలుసుకుంటాయి. అక్కడ మావాడు రెండుసార్లు భాగించి చూసుకున్నాడు.

తరువాత తనంతట తానే √(య²) = య అని రాసి, −3 పెట్టి చూసి, నాకేసి చూశాడు. ఆ రాత్రి భోజనాలు ఆలస్యమయ్యాయి.