బొమ్మ బీరువాలో, బిడ్డ గడపలో

క్రిస్మస్ దగ్గర పడిందంటే సికింద్రాబాద్ రూపే మారిపోతుంది. 1850లో పూర్తయిన సెయింట్ మేరీస్ చర్చి మొదలు గల్లీల్లోని చిన్న ప్రార్థన మందిరాల దాకా నక్షత్ర దీపాలు వేలాడతాయి. జనరల్ బజారులో కాలు పెట్టే సందు దొరకదు. ఆ హడావుడి తగ్గకముందే సంక్రాంతి వచ్చి పడుతుంది. భువనగిరి, ఆలేరు, జనగామ వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి పండుగ సరుకులకు వచ్చే పల్లె జనానికి ఈ సందడి కొత్త కాదు. అనాథ బాలల వసతి గృహాలకు దాతల రాక ఎక్కువయ్యేదీ ఈ మూడు నాలుగు వారాల్లోనే. కేకులు, దుప్పట్లు, మిఠాయిలు, వాటితో పాటు సంచుల కొద్దీ బొమ్మలు వస్తాయి.

పండుగ పూట పరాయి బిడ్డను తలచుకోవడం మంచి గుణమే. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కాని ఇచ్చిన ఆ బొమ్మ చివరకు ఎవరి చేతికి చేరింది, ఎన్నాళ్ళు ఉంది అన్న సంగతి ఇచ్చినవారు అడగరు, పుచ్చుకున్నవారు చెప్పరు. చిక్కంతా అక్కడే ఉంది.

బొమ్మలను ప్రాణంగా చూసుకుని పోగుచేసే ఇళ్ళు సికింద్రాబాద్‌లో తక్కువేమీ కాదు. పద్మారావునగర్, మారేడ్‌పల్లి ప్రాంతాల్లోని తమిళుల ఇళ్ళలో దసరాకు, కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన వారి ఇళ్ళలో సంక్రాంతికి బొమ్మల కొలువు తీరుస్తారు. మెట్లు మెట్లుగా బల్లలు పేర్చి, తెల్లని గుడ్డ పరచి, పై మెట్టున దేవుళ్ళను, కింది మెట్ల మీద పెళ్ళి ఊరేగింపును, కల్లం నూర్చే రైతును, దుకాణం ముందు కూర్చున్న శెట్టి దంపతులను నిలబెడతారు. ఏటా ఒక్క కొత్త బొమ్మయినా కొలువులో చేరాలన్నది ఆనవాయితీ. అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న బొమ్మ మనవరాలి పేరంటంలోనూ కనిపిస్తుంది. ఆఖరి రోజు రాత్రి ఒక బొమ్మను పడుకోబెడతారు. మర్నాడు అన్నిటినీ పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెల్లో దాచేస్తారు. ఈ మధ్యలో పేరంటానికి వచ్చిన పిల్ల చేయి చాపిందా, 'ముట్టుకోకు, పగులుతుంది' అన్న మాట నాలుగు వైపుల నుంచీ వినబడుతుంది.

ఈ తరంలో మరో రకం సేకర్తలు వచ్చారు. అరచేతిలో ఇమిడే ఇనుప బొమ్మ కార్లను కొని, అట్ట విప్పకుండానే గోడకు వరసగా తగిలించుకునే పెద్దమనుషులు వీరు. అట్ట విప్పితే విలువ తగ్గిపోతుందట! ఈ మాట రచ్చబండ దగ్గర చెబితే నవ్విపోతారు. బండి కొనేది తోలడానికా, దూలానికి కట్టి చూసుకోవడానికా అని అడుగుతారు.

సేకర్తల్లోకెల్లా పెద్ద సేకర్త మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న మ్యూజియం తెరిచారు. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. అందులో పిల్లల విభాగం ఒకటి ఉంది. బొమ్మ రైళ్ళు, బొమ్మ సిపాయిలు అద్దాల వెనుక కొలువు తీరి ఉంటాయి. ఊళ్ళ నుంచి విహారయాత్రకు వెళ్ళిన బడిపిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు. మ్యూజియంలో అది న్యాయమే. చూడటానికే అక్కడికి వెళతారు.

ఊళ్ళోని అంగన్‌వాడీ మ్యూజియం కాదు కదా!

అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలు ఉన్నాయి. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పడం వాటి పనుల్లో ఒకటి. అందుకు బొమ్మల పెట్టె కూడా వస్తుంది. దాతలు ఇచ్చినవి వేరు. అయినా ఎన్ని ఊళ్ళలో ఆ బొమ్మలు చాప మీద ఉన్నాయి, ఎన్ని ఊళ్ళలో బీరువాలో ఉన్నాయి? పై అధికారి వస్తున్నారని కబురు వచ్చిన రోజున తాళం తీస్తారు. బొమ్మలు దుమ్ము దులిపించుకుని బయటికి వస్తాయి, పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. జీపు మలుపు తిరగగానే మళ్ళీ బీరువాలోకే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఇలాంటి చోటనే పుట్టి ఉంటుంది. నగరంలోని వసతి గృహాల్లోనూ చాలా చోట్ల ఇదే తంతు. దాతలు వచ్చినప్పుడు చూపడానికి ఆఫీసు గదిలోని అలమార నిండుగా ఉండాలి, అంతే.

ఇందులో తప్పంతా అంగన్‌వాడీ టీచర్‌దే అనుకుంటే పొరపాటు. ఆమె చేతిలో ఒక రిజిస్టరు ఉంటుంది. అందులో బల్ల, తూకం యంత్రం, గిన్నెలు ఎక్కినట్టే బొమ్మా ఎక్కుతుంది. తనిఖీలో ఏనుగుకు తొండం లేదేమని అడిగితే జవాబు చెప్పుకోవలసింది ఆమే. వచ్చే వేతనం అంతంత మాత్రం. తొండం కోసం మాట పడేకన్నా తాళం వేసుకోవడమే మేలని ఆమె అనుకుంటుంది. ఎవరున్నా అలాగే అనుకుంటారు. బియ్యం, పప్పు వండితే ఖర్చయిపోయాయని రాస్తారు. వాటిని తిరిగి చూపమని ఏ అధికారీ అడగడు. పిల్లలు ఆడితే బొమ్మ కూడా ఖర్చవుతుంది. చక్రం ఊడుతుంది, చెవి విరుగుతుంది, రంగు పోతుంది. ఏడాదిలో నాలుగు బొమ్మలు విరిగాయంటే ఆ కేంద్రంలో పిల్లలు ఆడారన్న మాట. ఏడాది పొడుగునా ఒక్కటీ విరగలేదంటేనే సంజాయిషీ అడగాలి. విరిగిన బొమ్మను అరిగిన చీపురులా లెక్క నుంచి కొట్టేసే ఏర్పాటును జిల్లా అధికారులు చేస్తే, కొత్త బొమ్మలు రాకపోయినా ఉన్నవి బయటికి వస్తాయి. దాతలు కూడా ఇచ్చేటప్పుడే 'విరిగినా అడగం' అని ఒక కాగితం మీద రాసిస్తే టీచర్‌కు ధైర్యంగా ఉంటుంది.

బొమ్మలు పోగుచేయడం మన దగ్గరే కాదు, బయటా ఉంది. 2022 మే 24న అప్పటి మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ భోపాల్ వీధుల్లో తోపుడుబండి తోసుకుంటూ అంగన్‌వాడీల కోసం బొమ్మలు అడిగారు. జనం బాగానే ఇచ్చారు. అంతకన్నా పాత కథ అమెరికాది. 1947లో లాస్ ఏంజిలెస్‌లో బిల్ హెండ్రిక్స్ అనే సైనికాధికారి భార్య చేతితో కుట్టిన గుడ్డ బొమ్మను పేదబిడ్డకు ఇద్దామనుకుంటే పుచ్చుకునే సంస్థే కనబడలేదు. లేకపోతే నువ్వే ఒకటి పెట్టు అని ఆమె భర్తతో అన్నదట. ఆ ఏడాది క్రిస్మస్‌కు ఆయన తోటి సైనికులు 5,000 బొమ్మలు పోగుచేసి పంచారు. మరుసటి ఏడు ఆ పని దేశమంతా పాకింది. ముప్పై ఏళ్ళకు పైగా వారు పాత బొమ్మలను కూడా తీసుకుని, బాగుచేసి పంచేవారు. 1980 నుంచి మాత్రం కొత్తవే తీసుకుంటున్నారు. బాగుచేసే తీరిక లేకపోవడం, పాతవాటితో ప్రమాదాల భయం అందుకు కొంత కారణం. నీకు ఒకరు వాడి వదిలేసినదే గతి అన్న మాట పిల్లవాడి మనసులో పడకూడదన్నది మరో కారణం.

ఈ చివరి మాట మనవారు ఆలోచించవలసినది. పండుగకు ఇల్లు దులిపినప్పుడు బయటపడిన ఒంటికన్ను బొమ్మ, మూడు చక్రాల లారీ, సగం ముక్కలు పోయిన ఆట పెట్టె సంచిలో వేసి ఆశ్రమానికి పంపేవారున్నారు. చెత్తకుండీ దూరమై ఆశ్రమం దగ్గరైందేమో! పాతది ఇవ్వడం తప్పు కాదు. పల్లెలో అన్న చొక్కా తమ్ముడికి రావడం మామూలే. పాడైపోయినది ఇవ్వడమే తప్పు. బొమ్మలు పోగుచేసే అలవాటున్నవారు ఉపయోగపడేది కూడా ఇక్కడే. ఏ కీలు ఎక్కడ ఊడుతుందో, ఏ రంగు గోటికి వస్తుందో, ఏ ముక్క చిన్నపిల్ల గొంతులో అడ్డం పడుతుందో వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. తమ కొలువులోని అమ్మమ్మ బొమ్మను ఇచ్చేయమని వారిని ఎవరూ అడగరు. ఏటా కొలువుకు ఒకటి కొనే చోట రెండు కొని, రెండోది ఒక బిడ్డకు ఇస్తే చాలు. సంచులు వచ్చిన రోజున ఒక పూట కూర్చుని మంచిచెడ్డలు ఏరి, బాగుచేయగలిగినవి బాగుచేస్తే అది డబ్బు కన్నా పెద్ద సాయం.

కొనేటప్పుడు సంగతి కూడా ఒకటుంది. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ప్రభుత్వం వద్ద నమోదైన చేతివృత్తులవారికి, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఉంది. అంటే నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలను నిరభ్యంతరంగా కొనవచ్చు. అయితే అన్నీ ఒకటి కావు. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేసినది, పూచికపుల్ల తేలిక. ముక్కలను చింతగింజల ముద్దతో అతికిస్తారు. అందుకే అది కొలువులో మెట్టు మీద అందం, మూడేళ్ళ పిల్లవాడి చేతిలో రెండు రోజులు. ఏటికొప్పాకది అంకుడు కర్రను తిప్పుడు చట్రం మీద చెక్కి లక్క పట్టించినది. నున్నగా ఉంటుంది, కింద పడినా తట్టుకుంటుంది. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులను అక్కడ తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. లక్కపిడతలు, బొంగరాలు, గిలకలు పసివాళ్ళకు ఇవ్వదగినవి. పండుగ దానం డబ్బు ఇటు మళ్ళితే బిడ్డకు బొమ్మా దక్కుతుంది, కళాకారుడి పొయ్యీ వెలుగుతుంది.

అసలు పల్లెకు బొమ్మ కొత్తదేమీ కాదు. జొన్న బెండ్లతో ఎడ్లబండి, తాటికాయలతో చక్రాలు, పొలాల అమావాస్యకు కుమ్మరి చేసిచ్చే మట్టి ఎద్దులు, ఇవన్నీ ఎవరి దానమూ కాదు. ఆ ఆటవస్తువుల్లో ఒక సుఖం ఉండేది. విరిగితే ఏడ్చి, మళ్ళీ చేసుకునేవారు. తాళం వేయవలసిన పని ఉండేది కాదు.

ఇక ఫోటోల మాట. బొమ్మ ఒక చివర దాత, రెండో చివర పిల్లవాడు పట్టుకుని, ఇద్దరూ కెమెరా వైపు చూసే ఫోటో లేకుండా పండుగ వెళ్ళదు. తల్లిదండ్రులు లేని, సంరక్షణలో ఉన్న పిల్లల ఫోటో, పేరు, గుర్తు పట్టే వివరాలు ప్రచురించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దాతలకు ఇది తెలియకపోవచ్చు. విలేకరులకు తెలియదంటే కుదరదు. ఇలాంటి పేజీల్లో అలాంటి ఫోటోలు వేసిన పాపంలో పత్రికలకూ భాగముంది. రేపు ఆ పిల్ల పెద్దదై ఉద్యోగానికి పోతే, చేయి చాచి నిలబడిన ఆ బొమ్మ ఆమె వెంట ఎందుకు రావాలి?

సికింద్రాబాద్ స్టేషన్ సంగతి చెప్పకుండా ఈ మాట ముగియదు. ఇంట్లో తిట్టారనో, పనికి పెడతామన్న వాడి మాట నమ్మో రైలెక్కి వచ్చేసే పిల్లలు పెద్ద స్టేషన్లన్నిటిలో దిగుతూనే ఉంటారు. 2018 నుంచి 2024 మే దాకా దేశం మొత్తం మీద రైల్వే రక్షక దళం ఇలాంటి 84,119 మంది పిల్లలను చేరదీసింది. వారిలో పల్లెల నుంచి వచ్చినవారెందరో! దొరికిన బిడ్డను ఇరవైనాలుగు గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరు పరచాలి. ఆ మధ్యలో ఆ బిడ్డ తెలియని బెంచీ మీద, తెలియని మనుషుల నడుమ కూర్చుంటాడు. పేరు అడిగితే చెప్పడు. ఊరు అడిగితే తల దించుకుంటాడు. అలాంటప్పుడు చేతిలో ఒక బంతి, ఒక గుడ్డ బొమ్మ ఉంటే ఎంత తేడానో పిల్లల్ని కన్నవారికి చెప్పనక్కరలేదు. ఆ బొమ్మ తిరిగి ఇవ్వవలసినది కాకూడదు. అది అతనిదే కావాలి, ఎక్కడికి పంపితే అక్కడికి అతని వెంట పోవాలి. ఇలాంటి బిడ్డ కనబడితే 1098కి ఫోన్ చేయాలన్నది ఊరూరా అందరికీ గుర్తుండవలసిన అంకె.

డిసెంబరులో సంచుల కొద్దీ వచ్చి, జూన్‌లో ఒక్కటీ రాకపోవడం మరో వింత. బడులు తెరిచి, వానలు పట్టి, పిల్లలు గదిలోనే ఉండిపోయే రోజుల్లో ఆశ్రమాల వైపు కారు రాదు. పండుగకు ఇచ్చేదానిలో సగం అప్పటికి దాచి ఇస్తే నష్టమేమీ లేదు.

ఈసారి సంక్రాంతి వెళ్ళిన మర్నాడు తల్లులు పిల్లల్ని అంగన్‌వాడీలో దింపేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, బీరువా తాళంచెవి ఎక్కడుందో టీచర్‌ను అడగవచ్చు. కసురుకోకుండా అడగాలి. తొండం విరిగితే సాక్ష్యం చెబుతామని కూడా చెప్పాలి.