నాయక పాత్ర ఎవరిది?

వార్షికోత్సవపు తేదీ నోటీసు బోర్డుపై కనబడిన దినము నుండియే కళాశాలయందు ఒక గుసగుస ప్రారంభమగును. ఈ యేడు నాటకమేది? హరిశ్చంద్రుడెవరు? శ్రీకృష్ణుడెవరు? వారము తిరుగకముందే జవాబును దొరకును. క్రిందటి యేడు వేసినవాడే ఈ యేడును వేయును. కానిచో పొడగరియు, పెద్ద గొంతువాడును, పెద్దలకు పరిచితుడును అగు మరియొకడు వేయును. ఎంపిక యను పేర ఒక సాయంకాలము నలుగురిని పిలిచి తలకొక పద్యము పాడించుటయు కలదు. కాని ఆ పిలుపు వచ్చుసరికే దర్జీ వేషమునకు కొలతలు తీసికొని పోయియుండును.

మేమిచట ఎవరిని నిందింపబోవుట లేదు. పాఠము చెప్పక పరీక్ష పెట్టరాదను నియమము తరగతి గదిలో మనకందరకు సమ్మతమే. ఆ నియమమునే నాటకమునకును వర్తింపజేయుడని కోరుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. నాయక పాత్రకు సిద్ధపడుటయే ఒక విద్య. పాత్ర దక్కినవానికి మాత్రమే కాదు, దక్కనివానికిని ఆ విద్య మిగులవలెను.

ఈ మాట పుస్తకములు చదివి చెప్పుచున్నది కాదు. పాఠశాలలో చదువుకొను దినములలో మేమును హరిశ్చంద్ర పాత్రకు పోటీపడితిమి. మా యింటి భాష ఉర్దూ. పద్యము కంఠస్థమై యుండెను, గొంతును ఫరవాలేదు. కాని ‘కాళ్లు’ అనవలసినచోట ‘కాల్లు’ అనియు, ‘ప్రాణము’ అనవలసినచోట ‘ప్రానము’ అనియు వెలువడెను. పరీక్షించుచున్న పెద్దమనిషి నవ్వి, “నీకు ద్వారపాలకుడి వేషం చాలునులే, దానికి మాటలు లేవు” అనిరి. గది యంతయు నవ్వినది. వారు పట్టిన తప్పు నిజమైనదే. దానిని దిద్దుకొను దారి చెప్పకపోవుటయే మాకు నేటికిని గుర్తున్నది.

ఆ దారి చూపినవారు దివిసీమలో ఒక వృద్ధ హార్మోనిస్టు. వేసవి సెలవులలో అవనిగడ్డ దాపున బంధువుల యింట నున్నపుడు వారి పరిచయము కలిగెను. వారి మొదటి హార్మోనియము 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో కొట్టుకొనిపోయినదట. తరువాత సంపాదించుకొన్న పాత పెట్టెతో ఊరి పిల్లలకు పద్యములు నేర్పుచుండిరి. మొదటి పది దినములు వారు మమ్ము పాడనీయలేదు. నాలుక కొనను అంగిటికి మడిపించి ‘ళ’ అనిపించిరి, ‘ణ’ అనిపించిరి. “రాగం ఎవడైనా తీస్తాడురా అబ్బాయ్! ముందు అక్షరం పలుకు” అనెడివారు. ఒకనాడు మా నోట ‘ఘ’కార ‘భ’కారములు విని, తక్కిన పిల్లలవైపు తిరిగి, “వీడి ఒత్తులు చూడండిరా, మీకు ఏడాదికి కూడా రాలేదు” అనిరి. ఆ మాటతో మాకు కలిగిన ధైర్యము ఇంతంత కాదు.

ఆ వృద్ధుడు కనిపెట్టిన విషయము మన కళాశాలకు మిక్కిలి ముఖ్యము. ఉర్దూ మాటలాడువానికి ళకార ణకారములు కష్టము. వాని వాడుకలో అవి లేవు. కాని ఖ, ఘ, ఛ, ధ, భలు నిత్యము వాని నాలుకపై ఆడుచుండును. తెలుగింట పుట్టినవానికి ళ, ణలు సులభము. కాని నేటి వాడుకలో ఒత్తులు జారిపోయి ‘ధర్మము’ ‘దర్మము’గను, ‘భార్య’ ‘బార్య’గను వినబడుచున్నవి. ఇరువురియందును సగము సగము కలదు. అంతేకాదు, తజ్వీద్ నేర్చిన బాలునకు అక్షరము నోటిలో ఎచట పుట్టునో వేరుగ చెప్పనక్కరలేదు. ముషాయిరాలో తరన్నుమ్‌తో గజలు చదువుట విన్నవానికి రాగముతో పద్యము చదువుట వింతయు కాదు. ఒకే బల్లపై కూర్చుండు ఈ ఇద్దరు విద్యార్థులు ఒకరికొకరు గురువులు కాగలరు. అట్టి అవకాశము మనకున్నంతగా ఎన్ని కళాశాలలకున్నది?

ఇక పాత్రకు సిద్ధపడుట యెట్లు? మొదట పద్యమును పాడరాదు, విడదీయవలెను. సంధులు విప్పి, అన్వయము కుదిర్చి, భావమును తన మాటలలో చెప్పగలుగవలెను. తరువాత ఛందస్సు. ఉత్పలమాలకు 10, చంపకమాలకు 11, శార్దూలమునకు 13, మత్తేభమునకు 14వ అక్షరము యతిస్థానమని మనము పరీక్షకై వల్లెవేసితిమి. రంగస్థలముపై ఆ జ్ఞానమునకు ప్రాణము వచ్చును. యతి యొద్ద చెవికి ఇంపు కలుగును. కాని ఊపిరి మాత్రము అర్థము తెగినచోటనే తీయవలెను. పాదము ముగిసినదని పదము నడుమ ఊపిరి తీసినచో మాట రెండుగ విరిగి భావము చెడును. 

మూడవది శ్రుతి. ప్రసిద్ధ నటుని పాట విని ఆయన శ్రుతిలోనే పాడబూనుట మన పిల్లలు చేయు పెద్ద పొరపాటు. పదునారేండ్ల గొంతు ఇంకను కుదుటపడుచుండును. తన శ్రుతి యేదో హార్మోనియము ముందు కూర్చుండి తెలిసికొనవలెను. నాలుగవది వచనము, దానితోపాటు ఎదుటి పాత్ర మాటలాడుచుండగా నిజముగా వినుట. రాగవిస్తారము చిట్టచివరిది. ‘వన్స్ మోర్’ కేకలకు ఆశపడి రాగము సాగదీయగా భావము అడుగంటి ఆలాపనయే మిగిలినదను అపవాదు పద్యనాటకమునకు ఊరక రాలేదు.

“మనవారికి పద్యనాటకమెందుకు, అది మనది కాదు కదా” అను మాట రెండు వైపుల నుండియు విందుము. రంగస్థలము ఏనాడును ఒక యింటి సొత్తు కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకము ఆడునపుడు కాటి సీనులో జాషువాగారి శ్మశాన పద్యములు పాడుట నటులకు ఆచారమైనది. బుర్రకథ యనగానే తెలుగువారికి తట్టు పేరు 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజరుగారిది. మన బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో జంటగా వ్రాసిన పాండవ నాటకముల పద్యములను చదువురానివారు సైతము పొలముగట్లపై పాడుకొనిరి.

మనకు సమీపముననున్న కూచిపూడి మాట చెప్పవలెను. గోలకొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ తానాషా మచిలీబందరునకు వచ్చు దారిలో అచటి ప్రదర్శన చూచి సంతసించి, ఆ గ్రామమును కళాకారుల కుటుంబములకు అగ్రహారముగ నిచ్చెనని ఐతిహ్యము. అంతకంటె మాకు ప్రియమైనది మరియొక ఐతిహ్యము. ఆ కుటుంబములలో పుట్టిన ప్రతి బాలుడును జీవితమున ఒక్కమారైన భామాకలాపమున సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి నియమము చేసెనట. అందరును భామ వేషమునకు సిద్ధపడినంత మాత్రమున కళ పలుచనాయెనా? ఆ ఊరి నుండియే వేదాంతం సత్యనారాయణశర్మగారు స్త్రీపాత్రలకు దేశమంతట పేరొంది 1970లో పద్మశ్రీ అందుకొనిరి. కాలక్రమమున ఆ భామ పాత్రను స్త్రీలును ధరించుచున్నారు. కనుక మన విద్యార్థినులును ఈ మాటలు తమకు కావనుకొనరాదు.

గుడివాడ ప్రాంతము చెప్పు పాఠమును అదియే. రామాపురమున సామాన్య రైతు కుటుంబమున పుట్టి, అంతగా బడిచదువు లేని అక్కినేని నాగేశ్వరరావుగారు స్త్రీవేషములతోనే రంగస్థలమున నిలదొక్కుకొనిరి. నిమ్మకూరు నుండి విజయవాడ కళాశాలకు పోయిన నందమూరి తారకరామారావుగారికి గురువు విశ్వనాథ సత్యనారాయణగారు నాగమ్మ వేషము నిచ్చిరి. మీసము తీయుటకు ఒప్పుకొనక ఆయన ‘మీసాల నాగమ్మ’ యనిపించుకొనిరి. మొదట చేతికందిన వేషమును బట్టి మనిషి భవిష్యత్తు నిర్ణయింపలేమని తెలియుటకు ఈ రెండు చాలును.

“ఉత్సవమునాడు అతిథులు వత్తురు. పాత్ర చెడినచో కళాశాల పరువేమగును?” అని సంఘపు పెద్దలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అసమర్థునకు పాత్ర ఇమ్మని మేము కోరుట లేదు. అందరకు నేర్పిన పిమ్మట సమర్థుని ఎన్నుకొనుడని కోరుచున్నాము.

అందుకు నాలుగు విన్నపములు. ఎంపికకు నెల ముందుగ రంగమును, మూడు పద్యములను నోటీసు బోర్డుపై ప్రకటింపవలెను. ఆ నెలలో వారమునకు రెండు సాయంకాలములు హార్మోనియముతో శిక్షణ యీయవలెను. ఎంపికనాడు ప్రతివానిచేత మొదట భావము చెప్పించి పిదప పాడింపవలెను. చివరిది, దక్కనివానిని నవ్వి పంపక, లోపమేదో, దిద్దుకొను మార్గమేదో చెప్పి పంపవలెను. ఈ నాలుగింటిలో చివరిదానికి ఖర్చు లేదు. కాని మా అనుభవమున అదియే అన్నింటికంటె విలువైనది.

మరుసటి యేడు మేము మరల పోటీపడితిమి. హరిశ్చంద్రుడు దక్కలేదు, నక్షత్రకుడు దక్కెను. హరిశ్చంద్రునిగా నిలిచిన మిత్రుడు నిస్సంశయముగ మాకంటె మేటి. అయినను ఆ యేడాది సాధన మమ్ము విడువలేదు, తెలుగు ఎం.ఏ.కు పంపినదియు, నేడు మీ ముందు నిలిపినదియు అదియే. విద్యార్థులారా, ఈ యేడు పేరు ఇచ్చుటకు వెనుదీయకుడు. పాత్ర ఒక్కరిదే కావచ్చును. పద్యము మాత్రము నేర్చిన ప్రతివానిది.