చదివి వినిపించందే వేలిముద్ర వేయం!

మందుల ప్రయోగాలకు వెళ్లే పల్నాడు పేదల హక్కుల కోసం సత్తెనపల్లి పౌరుల విజ్ఞప్తి



2011లో మన పక్కనున్న పిడుగురాళ్ల పేరు దేశమంతటా పత్రికల్లోకి ఎక్కింది. రెక్కాడితే గాని డొక్కాడని ఆడవాళ్లకు దళారులు డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడ ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రంలో వాళ్ల మీద క్యాన్సర్ మందు ప్రయోగించారు. ఇంటికొచ్చాక కొందరికి ఒంట్లో బాగాలేకపోవడంతో సంగతి బయటికి పొక్కింది. ఏ మందు ఇచ్చారో, ఎందుకిచ్చారో తమకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదని ఆ ఆడవాళ్లు వాపోయారు. విచారణ జరిగింది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆ కేంద్రం అనుమతిని సస్పెండ్ చేసింది.

ఆ తర్వాత మనం మరిచిపోయాం. కానీ పేదరికం మరవనివ్వలేదు. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంత యువకులు ఇలాగే మందుల ప్రయోగాలకు వెళ్లిన సంగతి మళ్లీ వార్తలకెక్కింది. మిరపకోతలు, పత్తితీతలు అయిపోయి పనుల్లేని నెలల్లో, పిల్లల ఫీజులు కట్టాల్సిన రోజుల్లో, "నాలుగు రోజులుండి వస్తే చాలు, డబ్బు చేతిలో పెడతారు" అన్న మాట ఎవరినైనా లాగుతుంది. సత్తెనపల్లి స్టేషన్‌లో రైలెక్కితే పిడుగురాళ్ల, నడికుడి మీదుగా హైదరాబాద్ చేరడం ఒక పూట పని.

మేం కోరేది ఒక్కటే. ప్రయోగానికి వెళ్లే ప్రతి మనిషీ విషయం తెలుసుకుని, ఆలోచించుకుని, తన ఇష్టప్రకారం వెళ్లాలి. అందుకు కావలసిన ఏర్పాటు మన సత్తెనపల్లిలోనే ఉండాలి.

పరిశోధన మన మేలు కోసమే

ప్రయోగాలే వద్దని మేం అనడం లేదు. ఈ రోజు మనం వేసుకునే ప్రతి మాత్ర వెనకా దాన్ని మొదట తమ ఒంటి మీద పరీక్షించుకోనిచ్చిన మనుషులున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గిందని 1948లో ప్రకటించారు. క్యాన్సర్‌కు మందుతో వైద్యం చేయొచ్చన్న ఆశకు ఆ పిల్లలే పునాది. ఆ మందు కుటుంబంలోనిదే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు.

క్షయ వస్తే శానిటోరియంలో పడి ఉండాల్సిందేనని ఒకప్పుడు అనుకునేవారు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 193 మంది రోగులను తీసుకుని, కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చింది. ఇంటి వైద్యం కూడా అంతే బాగా పనిచేసిందని 1959లో తేలింది. మన ఊళ్లలో క్షయ రోగులు ఇంటి దగ్గరుండి మందులు మింగి కోలుకుంటున్నారంటే మురికివాడల్లోని ఆ మద్రాసు పేదలే కారణం.

ఈ మధ్యవీ చూడండి. కరోనా రోజుల్లో ప్లాస్మా దాతల కోసం మన వాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ఎంత వెతుకులాడారో గుర్తుండే ఉంటుంది. దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన పరీక్షలో ప్లాస్మా వల్ల జబ్బు ముదరడం గానీ, మరణాలు గానీ తగ్గలేదని తేలింది. 2021 మేలో దాన్ని చికిత్సా సూచనల నుంచి తీసేశారు. అదే కరోనాలో, బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష డెక్సామెథసోన్ అనే చవక మందుతో వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మూడో వంతు మరణాలు తగ్గుతాయని చూపింది. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూస్తే, ఆ ఇంట్లో మిగతావాళ్లకు క్షయ జబ్బు రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో బయటికొచ్చింది. ఆ పరీక్షలో 10,000 మందికి పైగా పాల్గొన్నారు. చాలామంది మనలాంటి పేదలే.

పరిశోధన లేకపోతే పనిచేసే మందేదో, ఖర్చు తప్ప ఫలితం లేనిదేదో తెలిసే దారే లేదు. ఇంత మేలు చేసే మనుషులకు గౌరవం దక్కాలి. ఆ గౌరవానికి తొలి గుర్తు సమ్మతి.

పరిశోధన కేంద్రంలో ఏం జరుగుతుంది?

మన ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లను ఎక్కువగా తీసుకునేది బయోఈక్వివలెన్స్ పరీక్షలకు. పేటెంటు గడువు తీరిన మందును మరో కంపెనీ తయారుచేస్తే, ఆ మాత్ర కూడా అసలు మాత్రలాగే రక్తంలోకి చేరుతోందని రుజువు చూపాలి. అందుకు జబ్బు లేని మనుషులు కావాలి. ముందురోజు రాత్రే కేంద్రంలో చేర్చుకుంటారు. తెల్లారి పరగడుపున మాత్ర ఇస్తారు. చేతి నరానికి క్యాన్యులా అనే సన్న గొట్టం పెట్టి అలాగే ఉంచుతారు. మొదటి గంటల్లో కొద్ది నిమిషాలకోసారి, తర్వాత గంటకోసారి, రెండు గంటలకోసారి రక్తం తీస్తారు. కొన్నాళ్లు ఎడమిచ్చి రెండో మాత్రతో ఇదంతా మళ్లీ చేస్తారు.

పద్ధతి ప్రకారం జరిగితే ఇందులో ప్రమాదం తక్కువే. జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు దొరికే మాత్రల వెనక ఇలా రక్తమిచ్చిన వాళ్లెందరో ఉన్నారు. పద్ధతి తప్పినప్పుడే ముప్పు. మనిషికింత అని కమీషన్ తీసుకునే దళారీ, బీపీ ఉన్నా చెప్పొద్దంటాడు. ఒక కేంద్రం నుంచి వచ్చిన నెలలోపే ఇంకో కేంద్రానికి పంపిస్తాడు. మామూలుగా మూడు నెలల ఎడం పాటించాలి. ఆ ఎడం లేకపోతే రెండు మందులు ఒంట్లో కలుస్తాయి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. అసలే రక్తం తక్కువైన మనిషి నుంచి మళ్లీ మళ్లీ రక్తం తీస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నష్టం మనిషితో ఆగదు. తప్పుడు సమాచారంతో చేసిన పరీక్ష ఫలితం కూడా తప్పే. ఆ మాత్ర రేపు మనింట్లో ఎవరికో డాక్టరు రాస్తాడు.

ఖమ్మం నేర్పిన పాఠం

2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9,543 సమ్మతి పత్రాలు పరిశీలిస్తే 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. కన్న తల్లిదండ్రులు ఊళ్లో ఉండగా పిల్ల చేతికి సూది వేయడానికి వార్డెన్ సంతకం పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఆ టీకా చెడ్డదేమీ కాదు. ఆ కాలంలో జరిగిన బాలికల మరణాలకు టీకాయే కారణమని ఆ ప్రాజెక్టు మీద వేసిన విచారణ సంఘం తేల్చలేదు. ఇంగ్లండ్, స్వీడన్‌లలో టీకా వేసుకున్న ఆడపిల్లల్లో ఆ క్యాన్సర్ బాగా తగ్గింది. అంత మంచి టీకా పేరెత్తితేనే మన దగ్గర ఏళ్ల తరబడి జనం భయపడ్డారు. సమ్మతిని తేలిగ్గా తీసుకుంటే మనుషులకే కాదు, వైద్యానికీ నష్టమని ఖమ్మం చెబుతోంది.

చట్టం ఏమంటోంది?

2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు మనకు చాలా హక్కులిచ్చాయి. సమ్మతి పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువురాని మనిషైతే మొదటి నుంచి చివరిదాకా సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి. పత్రం ప్రతి మన చేతికివ్వాలి. ఎప్పుడంటే అప్పుడు మానుకుని రావచ్చు. అందుకు ఏ శిక్షా ఉండకూడదు. కొత్త రసాయన మందుల ప్రయోగాల్లో బలహీన వర్గాలవాళ్లను తీసుకుంటే సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలి. ప్రయోగం వల్ల జబ్బు చేస్తే ఉచితంగా వైద్యం చేయించాలి. ప్రాణం పోతే పరిహారం ఇవ్వాలి. 8 లక్షల మూల మొత్తాన్ని వయసునూ ప్రమాద స్థాయినీ బట్టి హెచ్చించి లెక్కకడతారు. ఆరోగ్యవంతుడు చనిపోతే, 65 ఏళ్లు దాటినవాడైనా సరే, ఆ లెక్క 32 లక్షలకు తగ్గదు.

సమ్మతి పత్రం ఒకటి చేతికి తీసుకుని చూడండి. పేరు, వయసు, చిరునామా, చదువు, వృత్తి, సంవత్సరాదాయం గడులుంటాయి. ఆ కింద నామినీ పేరు, ఆయన మీకేమవుతారో రాసే గడి ఉంటుంది. ప్రయోగం వల్ల మీరు చనిపోతే పరిహారం ఎవరికివ్వాలో రాసుకోవడానికే ఆ గడి. ఆ ఒక్క గడి చదివి వినిపించి, అర్థం చెబితే చాలు, ఎంత పెద్ద విషయానికి వేలిముద్ర వేస్తున్నామో ఎవరికైనా తెలుస్తుంది.

హక్కులు కాగితం మీదున్నాయి. వాటిని చదివి చెప్పే మనిషి మాత్రం మన ఊళ్లో లేడు. దళారీ మాత్రం వీధి చివరే ఉంటాడు.

మా డిమాండ్లు

1. సత్తెనపల్లి ప్రభుత్వ ఆసుపత్రిలో సమ్మతి సహాయ కేంద్రం పెట్టాలి. వారానికి ఒక రోజైనా శిక్షణ పొందిన డాక్టరు, నర్సు కూర్చుని, ప్రయోగానికి పిలుపొచ్చిన వాళ్ల పత్రాన్ని తెలుగులో చదివి వివరించాలి. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఉచితంగా చేయాలి.

2. సమ్మతి పత్రాన్ని కనీసం మూడు రోజుల ముందు ఇంటికి తీసుకెళ్లనివ్వాలి. కేంద్రం గేటు దగ్గర, బస్సు దిగీ దిగగానే సంతకం అడగడం ఆగాలి.

3. ప్రయోగం రిజిస్ట్రేషన్ నంబరు, ఆ ప్రయోగాన్ని పరిశీలించి ఆమోదించిన ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు, ఫిర్యాదు చేయాల్సిన చోటు ప్రతి గ్రామ, వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో రాయాలి.

4. మనిషికింత అని దళారులకు కమీషన్ ఇవ్వడాన్ని పూర్తిగా నిషేధించాలి. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన దారుల్లోనే జనాన్ని పిలవాలి.

5. ఒకే మనిషిని రెండు కేంద్రాలు ఒకేసారి తీసుకోకుండా దేశమంతటికీ ఒకే ఉమ్మడి రిజిస్టరు ఉండాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్ర ప్రభుత్వాన్ని కోరాలి. పేర్లు గోప్యంగా ఉండాలి.

6. ప్రయోగం పూర్తయ్యాక, మందు పనిచేసిందో లేదో తెలిపే ఒక పేజీ ఉత్తరం పాల్గొన్న ప్రతి ఒక్కరికీ తెలుగులో రావాలి. ఒళ్లు అప్పగించిన మనిషికి ఫలితం తెలుసుకునే హక్కుంది.

వేలిముద్రకు ముందు అడగాల్సినవి

ఇది ఏ మందు? ఏ జబ్బుకు వాడతారు?
దీని సీటీఆర్ఐ నంబరెంత?
ఎన్నిసార్లు రక్తం తీస్తారు? మొత్తం ఎంత?
ఏయే ఇబ్బందులు రావచ్చు? కడుపుతో ఉంటే, పాలిస్తుంటే పనికొస్తుందా?
ఇంటికొచ్చాక జబ్బు చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఏ ఆసుపత్రిలో చూస్తారు?
మధ్యలో మానేస్తే అప్పటిదాకా రావలసిన డబ్బు ఇస్తారా?
ఈ పత్రం ప్రతి నాకిస్తారా?

వీటిలో ఏ ఒక్కదానికి జవాబు రాకపోయినా తిరిగొచ్చేయండి. సీటీఆర్ఐ అంటే ప్రభుత్వం 2007లో మొదలుపెట్టిన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ. ప్రయోగాలను అందులో ముందుగా నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. నంబరులో ఏ సంవత్సరం, ఏ నెలలో నమోదైందో ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. కాలేజీ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ వీధిలో ఎవరికైనా పిలుపొస్తే ఆ నంబరు మీ ఫోన్‌లో వెతికి చెప్పండి. పది నిమిషాల పని.

"ఇన్ని ప్రశ్నలడిగితే మమ్మల్ని తీసుకోరు, ఆ నాలుగు డబ్బులూ పోతాయి" అని కొందరు అక్కలు మాతో అన్నారు. వాళ్ల బాధ మాకు తెలుసు. ప్రశ్న అడిగినందుకు పొమ్మన్న కేంద్రం, రేపు మీకు జబ్బు చేస్తే తలుపు తీయదు. నిబంధనలు పాటించే కేంద్రం మీ ప్రశ్నలకు జవాబు చెప్పి మరీ తీసుకుంటుంది. "రోగుల్ని భయపెడితే పరిశోధన ఆగిపోతుంది" అనే డాక్టర్లకు మా మనవి: విషయం తెలిసి వచ్చిన మనిషి మధ్యలో పారిపోడు, జబ్బు దాచడు. మీ పరిశోధనకు అంతకన్నా బలం ఏముంటుంది?

రండి, అర్జీ పెడదాం

ప్రతి సోమవారం అధికారులు అర్జీలు తీసుకుంటారు. రాబోయే సోమవారం మన ఆర్డీవో కార్యాలయానికీ, ఆ తర్వాత నరసరావుపేట కలెక్టరేట్‌కూ ఈ ఆరు డిమాండ్ల అర్జీతో వెళ్దాం. డ్వాక్రా సంఘాల అక్కలు తమ నెలవారీ సమావేశంలో ఈ కరపత్రం చదివించండి. ముఠా మేస్త్రీలు మీ కూలీలకు వినిపించండి. సర్పంచులు, కౌన్సిలర్లు వచ్చే గ్రామసభలో, మున్సిపల్ సమావేశంలో తీర్మానం చేయండి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు మీ ఇళ్ల జాబితాలో ఎవరైనా ప్రయోగానికి వెళ్లొచ్చి ఉంటే ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోండి. మెడికల్ షాపుల యజమానులు ఈ కాగితం మీ కౌంటరు దగ్గర అంటించండి.

పిడుగురాళ్ల ఆడవాళ్లకు జరిగింది ఈ జిల్లాలో ఇంకెవరికీ జరగకూడదు. ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరిస్తున్నాం. మీ సంతకం పెట్టండి. సంతకం రాని వాళ్లకు అర్జీ మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకుంటాం.

ఇట్లు
సత్తెనపల్లి పౌరులు