టెస్టు ఆపి చేత్తో నడిపి చూడనివ్వండి

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర్నుంచి అశోక్‌నగర్ మీదుగా నారాయణగూడ దాకా ఏ గోడ చూసినా ఇమ్తిహాన్ల మాటే. ఆ ఇమ్తిహాన్ల నతీజా తేల్చేది ఇప్పుడు సాఫ్ట్‌వేర్. మరి ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇమ్తిహాన్ పెట్టేదెవరు? ఇంకో సాఫ్ట్‌వేర్!

దాన్నే ఆటోమేటెడ్ టెస్టింగ్ అంటారు. టెస్టు తానే ప్రోగ్రామ్‌ను మొదలుపెడుతుంది, తానే లెక్కలిస్తుంది, తానే పాస్, ఫెయిల్ అంటుంది. బాగుంది. కానీ ఫెయిలైనప్పుడు? డెవలపర్ ఆ టెస్టును మధ్యలో ఆపి, అవే ఫైళ్లు, అవే సెట్టింగులతో ప్రోగ్రామ్‌ను తన చేత్తో నడిపి చూస్తే తప్ప ఒక్కోసారి గల్తీ ఎక్కడుందో దొరకదు. కొందరు మేనేజర్ సాహెబులు దీనికి ఇజాజత్ ఇవ్వరు. మనిషి చెయ్యి పడితే టెస్టు పాడవుతుందట! చేత్తో నడిపిన దాన్ని నతీజాలో కలపకండి, తర్వాత టెస్టును మొదట్నుంచి మళ్లీ నడపండి. ఇంతే కదా. ప్లేరైట్ లాంటి టెస్టింగ్ పనిముట్లలో మధ్యలో ఆపే ఏర్పాటు ముందే ఉంది. అది ఉన్నది వాడడానికే.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ నతీజాలొచ్చాయి. పరీక్ష రాసిన పిల్లలకు 'ఆబ్సెంట్' అని పడింది. తెలుగులో 99 రావాల్సిన ఒక బచ్చీకి సున్నా పడింది. సున్నా దిద్దినవాళ్ల గల్తీయే, కాదనను. ముందేడాది మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు సున్నా వస్తే ఆగి అడగని సాఫ్ట్‌వేర్‌ది కసూర్ కాదా? ఆ నతీజాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు జాన్ తీసుకున్నారు. ఆ ఇళ్ల అమ్మీఅబ్బాలకు ఏ త్రిసభ్య కమిటీ రిపోర్టు ఏం జవాబిస్తుంది?

చివరికి సర్కారు ఫెయిలైన పిల్లల పేపర్లన్నీ మనుషులతోనే మళ్లీ చూపించింది. 1,137 మంది పాసయ్యారు. లక్షల్లో అదెంత అంటారు కొందరు. మీ ఇంట్లో బిడ్డ ఆ 1,137లో ఉంటే అడగండి ఆ మాట.

మిషన్ మీద నాకు నఫ్రత్ లేదు. తలుపు మూసి, మిషన్ చెప్పిందే ఆఖరి మాట అనేవాళ్లతోనే నా ఝగడా. ఈసారి బోర్డు టెండరు పిలిస్తే షరతుల్లో ఇది రాయించాలి: టెస్టులో తేడా వస్తే ప్రోగ్రామ్‌ను ఆపి, చేత్తో నడిపి చూసే హఖ్ డెవలపర్‌కు ఉండాలి, అలా చూసినట్టు రికార్డూ ఉండాలి. పిల్లల్ని కాలేజీలకు పంపే మనమే అడగాలి. కాంట్రాక్టరు తనకు తానుగా రాసుకోడు.